హార్ట్ రేట్ మానిటర్‌తో సైక్లింగ్: ఈజీగా తొక్కాల్సిన రోజు ఈజీగానే తొక్కండి!

"అన్నా, రోజూ చెమటలు కారేలా తొక్కుతున్నా, స్టామినా మాత్రం పెరగట్లేదు" అని చాలామంది అడుగుతున్నారు. నాదీ మొదట్లో ఇదే కథ. ఛాతీకి హార్ట్ రేట్ స్ట్రాప్ కట్టుకున్నాక గానీ అసలు సంగతి తెలియలేదు. నేను 'ఈజీ రైడ్' అనుకున్న రోజు కూడా గుండె నిమిషానికి 160 సార్లు కొట్టుకుంటోంది! అంటే ఒంటికి తేలిక రోజు అనేదే ఇవ్వలేదన్నమాట.

ముందు లెక్క చూద్దాం. 220 లోంచి మీ వయసు తీసేస్తే వచ్చేది మాక్సిమమ్ హార్ట్ రేట్. 25 ఏళ్లకి 195. అందులో 60 నుంచి 70 శాతం, అంటే సుమారు 117 నుంచి 136 వరకు జోన్ 2. వారంలో ఎక్కువ రైడ్‌లు ఇక్కడే ఉండాలి. కండరాలు కొవ్వుని ఇంధనంగా వాడుకోవడం నేర్చుకునేది, దూరం తొక్కే బలం వచ్చేది ఎక్కువగా ఈ జోన్‌లోనే. గట్టిగా తొక్కేది వారానికి ఒకటి రెండు రోజులు చాలు.

కానీ 220 లెక్క సగటు మాత్రమే. మనిషిని బట్టి పది, పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. అందుకే ఇంకో పరీక్ష: తొక్కుతూ పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఆయాసం వస్తే జోన్ దాటినట్టే.

వాచ్ చాలదా అంటారా? వాచ్ పచ్చ లైటు వేసి చర్మం కింద రక్తప్రవాహాన్ని చూస్తుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, గతుకుల రోడ్డు మీద వెళ్తుంటే అది తడబడుతుంది. స్ట్రాప్ గుండె విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి నమ్మకం ఎక్కువ. కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్ల దగ్గర కాస్త నీళ్లతో తడపండి. బ్లూటూత్ ఉన్న స్ట్రాప్ అయితే నేరుగా ఫోన్‌కే కలుస్తుంది.

మన ఎండల్లో ఇంకో సంగతి. అదే స్పీడ్‌లో వెళ్తున్నా గంట తర్వాత నంబర్ పైకి పాకుతుంది. చెమటతో రక్తంలోని నీరు తగ్గుతుంది, ఒంటిని చల్లబరచడానికి చర్మానికీ రక్తం పంపాలి. అందుకే గుండె ఎక్కువ సార్లు కొట్టుకోవాలి. అప్పుడు స్పీడ్ తగ్గించండి, నీళ్లు తాగండి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం నంబర్‌నే చూస్తూ కూర్చోకండి. కాళ్లు కష్టపడ్డాక కాసేపటికి గానీ అది పెరగదు.

పొద్దున లేవగానే, మంచం దిగకముందే రెస్టింగ్ హార్ట్ రేట్ రాసుకోండి. రోజూ 60 ఉండేది ఒకరోజు 68 చూపిస్తే, నిద్ర చాలలేదో, జ్వరం రాబోతోందో. ఆ రోజు సైకిల్‌కి సెలవు. కొన్ని నెలలకి ఆ నంబర్ మెల్లగా తగ్గుతుంటే, ట్రైనింగ్ పనిచేస్తోందని అర్థం.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, గుండె దడ తప్పినట్టు అనిపిస్తే నంబర్ ఎంతున్నా ఆగిపోండి, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బీపీకి వాడే కొన్ని మందులు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. వాళ్లకి ఈ లెక్కలు సరిపోవు, ముందే డాక్టర్ని అడగాలి.

రేపటి రైడ్‌లో మిమ్మల్ని ఎవరైనా దాటేసి వెళ్తే వెళ్లనివ్వండి. మీ నంబర్ ఎంతుందో చూసి, కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!