నేరా నదీలోయ: నీరు, రాయి, పప్పుగింజ

ఇటలీ దేశమనగానే మన విద్యార్థుల మనస్సులలో మెదిలేవి రోము నగరపు శిథిలాలు, వెనిస్ కాలువలు, పీసాలోని ఒరిగిన గోపురం. పాఠ్యగ్రంథాలు మనకు చూపినది అంతవరకే. కాని ఏ దేశపు జీవనాడి అయినా మహానగరాలలో కంటె నదుల వెంబడి, పల్లెల నడుమ స్పష్టంగా తెలుస్తుంది. అటువంటి నది ఒకటి నేరా. దాని లోయకు వాల్‌నేరీనా అని పేరు. ప్రకృతి సౌందర్యం కోసం, ప్రాచీన కట్టడాల కోసం, అక్కడి ఆహారం కోసం యాత్రికులు ఆ లోయకు వెళుతుంటారు. అయితే వినోదయాత్రకు మించిన పాఠం ఒకటి అక్కడ ఉన్నది. ఒక సమాజం తన వారసత్వంలో దేనిని ముందుగా కాపాడుకోవాలి? ఈ ప్రశ్నకు ఆ లోయవాసులు 2016లో సమాధానం చెప్పుకోవలసి వచ్చింది.

నేరా నది మధ్య ఇటలీలోని సిబిల్లీని పర్వతాలలో పుట్టి, ఉంబ్రియా ప్రాంతం గుండా నైరుతి దిశగా ప్రవహించి, ఓర్తె పట్టణ సమీపంలో టైబర్ నదిలో కలుస్తుంది. రోము నగరాన్ని ఒరుసుకొని పారే టైబరుకు ఇది ముఖ్యమైన ఉపనది. లోయ ఇరుకైనది. రెండువైపులా ఓక్ చెట్ల అడవులు, సున్నపురాతి కొండలు, ఆ కొండలకు అతుక్కున్నట్లు కనిపించే రాతి గ్రామాలు. పూర్వం శత్రుభయం చేతను, నదీతీరపు చిత్తడి నేలల్లో వ్యాపించే జ్వరాల భయం చేతను ప్రజలు ఎత్తైన చోట్లను ఆశ్రయించారు.

నీటి కథ

లోయ దిగువభాగంలో, తెర్ని నగరానికి చేరువలో, మార్మొరె జలపాతం ఉన్నది. దాని మొత్తం ఎత్తు 165 మీటర్లు. మూడు అంచెలుగా దూకే ఆ నీటిని చూసినవారు అది ప్రకృతి సృష్టి అనుకోవటం సహజం. నిజానికి అది మనుష్యుల చేతిపని.

వెలీనో అనే మరొక నది పైనున్న రియేతి మైదానంలో పారుతుంది. ఆ నీటిలో సున్నపు అంశం అధికం. అది పేరుకొని పేరుకొని రాతి అడ్డుకట్టగా మారగా, నీరు ముందుకు పోలేక మైదానమంతా చిత్తడి అయింది. క్రీ.పూ. 271లో మానియుస్ క్యూరియుస్ దెంతాతుస్ అనే రోమను అధికారి ఆ రాతిలో కాలువ తవ్వించి, వెలీనో నీటిని కొండ అంచు నుండి నేరా నదిలోకి దూకించాడు. ఆ తెల్లని రాతిని చూసి పాలరాయి అనుకోవటం వల్లనే మార్మొరె అనే పేరు వచ్చింది.

ఎగువవారి పొలాలు ఆరాయి. దిగువనున్న తెర్నివారికి వరదభయం పట్టుకున్నది. ఈ తగవు చివరకు రోముకు చేరింది. క్రీ.పూ. 54లో రియేతి ప్రజల పక్షాన వాదించినవాడు సుప్రసిద్ధ వక్త సిసెరో. ఎగువ, దిగువ ప్రాంతాల నీటి తగాదాలు ఎంత పాతవో దీనివల్ల తెలుస్తుంది. తరువాతి శతాబ్దాలలోనూ కాలువలు మార్చి మార్చి తవ్వారు. ఆ పనులలో నిమగ్నుడై ఉండగా వాస్తుశిల్పి చిన్న ఆంతోనియో ద సాంగాల్లో 1546లో తెర్నిలోనే కన్నుమూశాడు. 1787లో చేసిన మార్పులతో జలపాతానికి నేటి రూపం వచ్చింది. ఇప్పుడు ఆ నీటిలో అధికభాగం విద్యుదుత్పత్తికి పోతుంది. నియమిత వేళలలో మాత్రమే జలపాతానికి నీరు వదులుతారు. ముందుగా సైరను మోగుతుంది, పిమ్మట సన్నని ధార కాస్తా క్షణాలలో మహాప్రవాహమవుతుంది. వెళ్ళదలచినవారు ఆ వేళలు ముందే తెలుసుకోవటం మంచిది.

సిరియా నుండి వచ్చినవారు

లోయకు ఎగువన కాస్తెల్ సాన్ ఫెలీచె అనే చిన్న గ్రామంలో పన్నెండవ శతాబ్దపు చర్చి ఒకటి ఉన్నది. దాని ముఖభాగంపై ఒక సాధువు సర్పాకారపు భూతాన్ని గొడ్డలితో నరికే దృశ్యం చెక్కబడి ఉన్నది. సిరియా దేశం నుండి వచ్చిన మౌరో అనే సాధువు, అతని కుమారుడు ఫెలీచె ఈ లోయలో స్థిరపడి, విషపూరితమైన ఊపిరితో ప్రజలను చంపుతున్న భూతాన్ని సంహరించారని ఐతిహ్యం. ఆ భూతం మరేదో కాదు, జ్వరాలను పుట్టించే చిత్తడినేలే అని, దానిని ఎండబెట్టి సాగులోకి తెచ్చిన శ్రమే ఈ కథగా మారిందని పండితుల వ్యాఖ్య. అరణ్యాన్ని సాగుభూమిగా మార్చిన పూర్వులను జనం ఇలాగే కథలలో నిలుపుకుంటారు.

ఫెరెంతిల్లో సమీపంలోని సాన్ పియెత్రో ఇన్ వల్లె అనే మఠానికి కూడా సిరియా తపస్వుల కథే మూలంగా చెబుతారు. ఎనిమిదవ శతాబ్దంలో స్పొలేతో ప్రభువు రెండవ ఫరోఆల్దో ఆ మఠాన్ని కట్టించాడని ప్రతీతి. తొమ్మిదవ శతాబ్దంలో సారసెనులు, అనగా ఆనాటి ముస్లిం దండులు, దానిని కొల్లగొట్టినట్లు చరిత్ర చెబుతున్నది. తరువాత అది పునర్నిర్మింపబడింది. పన్నెండవ శతాబ్దపు కుడ్యచిత్రాలు నేటికీ దాని గోడలపై ఉన్నాయి. మనవారి పేరు వచ్చిన చోట చరిత్రను దాచటం విద్యావంతుల లక్షణం కాదు. లోయను కట్టినవారిలో తూర్పువారున్నారు, కొల్లగొట్టినవారిలోనూ దక్షిణ తీరాల నుండి వచ్చినవారున్నారు. రెండింటినీ ఒకే కంటితో చూడగలిగినప్పుడే చదువుకు సార్థకత.

కత్తి రెండు విధాలు

లోయకు ప్రధాన పట్టణం నోర్చా. పాశ్చాత్య క్రైస్తవ మఠజీవనానికి నియమావళి రచించిన బెనెడిక్ట్ సుమారు క్రీ.శ. 480లో జన్మించినది ఇక్కడనే. ఈ పట్టణానికి మరొక విధమైన ప్రసిద్ధి కూడా ఉన్నది. పందిమాంసాన్ని నిలువచేసే విద్యలో ఇక్కడివారు ఆరితేరినవారు కావటంచేత, ఇటలీ భాషలో ఆ పని చేసేవానికి నోర్చినో అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ ఆహారం మనకు నిషిద్ధం. అయినా దాని వెనుకనున్న మరొక చరిత్రను తెలుసుకోవచ్చు. చేరువలోని ప్రేచి గ్రామం మధ్యయుగాల నుండి శస్త్రవైద్యులకు పుట్టినిల్లు. సాంత్ ఎవుతీత్సియో మఠంలోని సన్యాసులు రోగులకు చికిత్స చేసేవారు. మతాధికారులు శస్త్రచికిత్స చేయరాదని చర్చి నిషేధించటంతో ఆ విద్య గ్రామస్థుల చేతికి వచ్చింది. కంటిలోని శుక్లాలు తీయటం, మూత్రాశయంలోని రాళ్ళు తీయటం వీరి ప్రత్యేకత. తండ్రి నుండి కొడుకుకు సంక్రమించిన ఈ నైపుణ్యంతో వారు ఐరోపా రాజాస్థానాల వరకు వెళ్ళారు. జంతువుల దేహనిర్మాణం ఎరిగిన కసాయి నేర్పు కూడా ఈ విద్యకు తోడ్పడిందని అంటారు.

ఆహారనియమాలు గలవారు ఈ లోయలో ఏమి తినగలరని ఎవరైనా అడుగవచ్చు. నదిలోని ట్రౌట్ చేప ఉన్నది. కుక్కలు వాసన పట్టి నేలలోనుండి తవ్వించే ట్రఫుల్ అనే నల్లని శిలీంధ్రం ఉన్నది. గొర్రెపాల చీజు ప్రసిద్ధమే గాని, దానిని తోడుపెట్టే పదార్థం సాధారణంగా గొర్రెపిల్ల కడుపు నుండి తీసినది గనుక విచారించి తినవలసి ఉంటుంది. అన్నిటికంటె మిన్న కాస్తెల్లూచ్చో పప్పు. దానిని కూడా తరచుగా పందిమాంసపు సాసేజీతో కలిపి వడ్డిస్తారు. అందుచేత ముందుగానే అడగటం అవసరం.

రాయి కూలిన వేళ

2016 ఆగస్టు 24న మధ్య ఇటలీలో సంభవించిన భూకంపం సమీపంలోని అమాత్రిచె పట్టణాన్ని నేలమట్టం చేసి, ఆ పరిసరాలలో సుమారు 300 మందిని బలిగొన్నది. అక్టోబరు 26న మళ్ళీ కంపించింది. అక్టోబరు 30 ఉదయం 7 గంటల 40 నిమిషాలకు 6.5 తీవ్రతతో నోర్చా సమీపంలోనే భూమి కదిలింది. 1980 తరువాత ఇటలీలో అంతటి భూకంపం రాలేదు. బెనెడిక్ట్ పేరిట వెలసిన మహాచర్చి క్షణాలలో కూలింది. ముఖభాగపు గోడ మాత్రం ఒంటరిగా నిలబడింది. కాని పట్టణంలోని ఇళ్ళలో అత్యధికభాగం కూలలేదు. కూలిన గోడల కింద అక్కడ ఒక్కరూ మరణించలేదు.

దీనికి కారణాలు ఉన్నాయి. అంతకుముందు వచ్చిన కంపాలతో చాలామంది ఇళ్ళు విడిచి బయట ఉండటం ఒకటి. రెండవది అంతకంటె లోతైనది. 1859లో నోర్చాలో భూకంపం వచ్చి సుమారు 100 మంది చనిపోయారు. మరుసటి ఏడే పోపు ప్రభుత్వం గృహనిర్మాణ నిబంధనలు విధించింది. ఇళ్ళు రెండంతస్తులు మించరాదు, గోడలు దృఢంగా ఉండాలి. 1979లోను, 1997లోను వచ్చిన భూకంపాల తరువాత పాత ఇళ్ళను మళ్ళీ బలపరిచారు. పొట్టి ఇంటిలో అడ్డగోడలు, కప్పు ఒకదానినొకటి పట్టుకొని ఉంటాయి. చర్చిలో ఎత్తైన గోడలకు నడుమ ఆధారం తక్కువ. అందుచేత అవి విడివడి పడిపోతాయి. కీర్తిగల రాయి కూలింది, కాపురమున్న రాయి నిలిచింది.

గింజ విత్తిన వేళ

నోర్చాకు పైన సుమారు 1450 మీటర్ల ఎత్తులో కాస్తెల్లూచ్చో గ్రామం ఉన్నది. భూకంపంలో అది దాదాపుగా ధ్వంసమైనది. దాని పాదాల వద్ద విశాలమైన మైదానం. మే నెలాఖరు నుండి జూలై వరకు అక్కడి పొలాలు ఎరుపు, నీలం, పసుపు పూలతో రంగుల తివాచీలా కనిపిస్తాయి. అవి తోటమాలి పెంచిన పూలు కావు. కలుపుమందులు చల్లని పప్పుచేలలో పైరుతోపాటు మొలిచే గసగసాల జాతి, ఆవజాతి మొక్కలు.

ఆ పప్పు మన మసూర్ పప్పు జాతికి చెందినదే. గింజ చిన్నది, పైపొర పలుచన, నానబెట్టనక్కరలేదు. 1997లో ఐరోపా సమాజం దాని పేరుకు ప్రాంతీయ గుర్తింపు ఇచ్చింది. భూకంపంతో రోడ్లు తెగిపోయాయి. అయినా 2017 వసంతంలో రైతులు తమ ట్రాక్టర్లను బారుగా నడిపించుకొని పైకి వెళ్ళి, కూలిన ఇళ్ళ ఎదుటనే విత్తనం చల్లారు. ఇల్లు మరుసటి ఏడు కట్టుకోవచ్చు, అదను తప్పిన విత్తనం ఆ ఏటికి మొలవదు.

స్పొలేతో నుండి నోర్చాకు 1926లో ప్రారంభమై 1968లో మూతపడిన చిన్న రైలుమార్గం ఒకటి ఉండేది. దాని సొరంగాలు, వంతెనల మీదుగా ఇప్పుడు పాదచారులు, సైకిలు ప్రయాణికులు వెళుతున్నారు. పనికిరాదనుకొన్న దారి కూడా ఈ విధంగా మరల ఉపయోగంలోకి వచ్చింది.

విద్యార్థి మిత్రులారా, వారసత్వమంటే గోపురాలే కావు. నీటిని దారికి తెచ్చిన కాలువ, ప్రాణం నిలిపిన గోడ, కాలం తప్పకుండా చల్లిన గింజ కూడా వారసత్వమే. కూలిన చర్చి రాళ్ళను ఏరి, పనికివచ్చిన వాటిని పునర్నిర్మాణం కోసం భద్రపరచటం కూడా నోర్చావారు మరువలేదు. అయితే ముందు మనిషి, తరువాత పొలం, ఆ పిమ్మట రాయి. ఈ వరుస తప్పనందువల్లనే, రాతిని మళ్ళీ నిలబెట్టుకొనే మనుష్యులు ఆ లోయలో మిగిలారు.