పిలుపు వచ్చిందని ఎలా తెలుస్తుంది? డోర్నకల్ అజరయ్య కథ

ఫ్రెండ్స్, ఈ వారం ఎపిసోడ్ అంతా ఒక్క ప్రశ్న మీదే. ఇన్‌బాక్స్‌లో నాకు ఎక్కువసార్లు వచ్చేది ఇదే: "అన్నా, దేవుడు నన్ను సేవకు పిలుస్తున్నాడనిపిస్తోంది. జాబ్ మానెయ్యాలా?" పోయిన వారం ఒక తమ్ముడైతే రిజైన్ మెయిల్ టైప్ చేసి స్క్రీన్‌షాట్ పెట్టాడు. సెండ్ కొట్టమంటావా అని అడిగాడు. "ఆగు తమ్ముడూ, ఎపిసోడ్ చేస్తా" అన్నాను. అందుకే ఇది ముందు వాడికి, తర్వాత మీకు.

నా సంగతి ముందే చెప్పేస్తా. నాది పాలకుర్తి. బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో నాలుగేళ్ళు సాఫ్ట్‌వేర్ పని చేశాను. మానేసే ముందు రాత్రి కళ్ళు మూసుకొని బైబిల్ తెరిచి, వేలు పడ్డ వచనమే దేవుని జవాబు అనుకున్నాను. మొదటిసారి వంశావళి వచ్చింది. రెండోసారీ పేర్లే. నాకు కావాల్సిన మాట దొరికేదాకా తెరుస్తూనే ఉన్నాను. టెస్ట్ పాసయ్యేదాకా రన్ కొడుతూ కూర్చోవడం అన్నమాట. తెల్లారి ఇంటికి ఫోన్ చేసి చెబితే మా బాపు ఒకటే అడిగాడు: "ఎవర్ని అడిగినవ్ రా?" దేవుణ్ణి అడిగాను అన్నాను. మూడు నెలలు ఆయన నాతో సరిగ్గా మాట్లాడలేదు. అప్పుడు నాకు కోపం వచ్చింది. తర్వాత అజరయ్య గారి గురించి చదివాక ఆ ప్రశ్న వేరేగా వినిపించింది.

పాలకుర్తి నుంచి తొర్రూరు, మానుకోట మీదుగా పోతే డోర్నకల్ వస్తుంది. చాలామందికి అది రైలు మారే జంక్షన్, అంతే. అక్కడ ఎపిఫనీ కెథడ్రల్ అని ఒక గుడి ఉంది. మసీదుకున్నట్టు గుమ్మటాలు, మినార్లు. హిందూ దేవాలయాల్లో ఉన్నట్టు స్తంభాలు. 1939 జనవరి 6న దాన్ని ప్రతిష్ఠించారు. కట్టించింది వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్.

ఆయన మనవాడు కాదు, తమిళుడు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో వెళ్ళాళన్‌విళై అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి పాస్టర్. పెళ్ళయిన ఎన్నో ఏళ్ళకు పుట్టిన కొడుకని సమూయేలు పేరు పెట్టుకున్నారు, బైబిల్‌లో హన్నా పెట్టుకున్నట్టే. మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో చదివారు గానీ ఆఖరి పరీక్షలప్పుడు జబ్బు పడి డిగ్రీ చేతికి రాలేదు. (సప్లీలు ఉన్నవాళ్ళు కాస్త ఊపిరి పీల్చుకోండి.) 1895లో వై.ఎం.సి.ఏ.లో చేరి ఊరూరా తిరిగి విద్యార్థుల మధ్య పనిచేశారు.

ఇప్పుడు అసలు విషయం. 1902లో ఆయన సిలోన్‌లోని జాఫ్నాకు వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో బయటి ప్రాంతాలకు సువార్తికుల్ని పంపడం చూశారు. మరి అంత పెద్ద తిరునెల్వేలి సంఘం ఎందుకు పంపట్లేదు? ఆ సిగ్గుతో తిరిగొచ్చి, మిత్రులతో కలిసి 1903లో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టారు. వాళ్ళు ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలో మన డోర్నకల్ ప్రాంతం. 1905లో శ్రీరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ మొదలవడంలోనూ ఆయనే ముందున్నారు. అంటే ఆయన పని ఏంటి? ఇంకొకళ్ళని "మీరు వెళ్ళండి" అనడం. ఏళ్ళ తరబడి అదే. చివరికి ఆ మాట ఆయన మీదికే తిరిగింది: పంపుతూ కూర్చున్న నేనెందుకు వెళ్ళకూడదు?

1909లో అభిషేకం పొంది డోర్నకల్ వచ్చేశారు. అప్పటికి 35 ఏళ్ళు, పెళ్ళయింది, పిల్లలున్నారు. తెలుగు రాదు. గుడారంలో ఉంటూ, ఎడ్లబండి మీద పల్లెలు తిరుగుతూ, మన అక్షరాలు దిద్దుకున్నారు. వై.ఎం.సి.ఏ.లో దేశమంతా పేరున్న నాయకుడు ఇక్కడ అ ఆ దగ్గర మొదలుపెట్టాడంటే ఒక్కసారి ఊహించుకోండి.

చూడండి, ఇందులో కల లేదు, వెలుగు లేదు. ఒక అవసరం కంట్లో పడింది, దానికోసం ఏడేళ్ళు పనిచేశారు. ఆ పనిలో ఆయన్ని చూసినవాళ్ళు ఆయన పిలుపును గుర్తుపట్టారు. అప్పటి మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్ ఆయన్ని బిషప్ చేయాలని పట్టుబట్టారు. భారతీయుడు బిషప్ ఏంటని అభ్యంతరాలు వచ్చినా 1912 డిసెంబర్ 29న కలకత్తాలో ప్రతిష్ఠ జరిగింది.

మొదటి సమూయేలు 3వ అధ్యాయం తీసి చదవండి. ఆ పిల్లవాడు దేవుని స్వరం విని మూడుసార్లు తప్పు మనిషి దగ్గరికి పరుగెత్తాడు. వినబడింది సమూయేలుకే, కానీ అది ఎవరి స్వరమో చెప్పింది ఏలీ. చూపు మందగించిన ముసలాయన, సొంత కొడుకుల్నే అదుపు చేయలేకపోయినవాడు. అయినా ఆ రాత్రి ఆయన అవసరమయ్యాడు. నేను మా బాపు ప్రశ్నని, మా అయ్యగారి సలహాని దాటేసి నేరుగా వేలు పెట్టి వచనం వెతికాను. పిలుపు నిజమే అయి ఉండొచ్చు. నా పద్ధతి మాత్రం తప్పు.

ఇంకోటి. "సేవ" అనగానే మనకు మైకు, స్టేజీ, ఛానెల్ గుర్తొస్తాయి. నాతో సహా. కానీ అజరయ్య గారి దగ్గర బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. ఆయన వాళ్ళ చేత వాళ్ళ తల మీద వాళ్ళ చెయ్యే పెట్టించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని కొరింథీయులకు పౌలు రాసిన భావం వచ్చేలా పలికించేవారు. పాస్టర్లకు కాదు, నాట్లు వేసేవాళ్ళకు! తెల్లారి వాళ్ళు మళ్ళీ అదే పొలానికి వెళ్ళేవాళ్ళు. పిలుపు అంటే ప్రతిసారీ పని మారడం కాదని నాకు అక్కడ అర్థమైంది. మా మండలంలోనే బమ్మెర ఉంది. పోతన నాగలి వదలకుండానే భాగవతం రాశాడని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ణి, ఇది ఇంత ఆలస్యంగా తట్టడం విడ్డూరమే.

1920 తర్వాత కృష్ణా, గుంటూరు వైపు ప్రాంతాలు కూడా కలిసి, 1941 నాటికి డోర్నకల్ డయోసీస్‌లో క్రైస్తవులు రెండు లక్షలు దాటారు. అజరయ్య గారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. వచ్చిన చోటు వదిలిపోలేదు.

నా మాటకొస్తే, నేను ఇప్పటికీ నెలలో కొన్ని రోజులు ఫ్రీలాన్స్ కోడింగ్ చేస్తున్నా. రూమ్ రెంట్ దానితోనే కడుతున్నా. సిగ్గుపడను. పౌలు గుడారాలు కుట్టాడు. "నీది నిజమైన పిలుపేనా" అని కామెంట్లలో అడిగేవాళ్ళకి: కొన్ని రోజులు అవుననిపిస్తుంది, కొన్ని రోజులు భయమేస్తుంది. ఈసారి మాత్రం మా అయ్యగారికి, బాపుకు ఆరు నెలలకోసారి లెక్క చెబుతున్నా. ఆపెయ్యమని ఇద్దరూ అంటే ఆపేస్తానని మాటిచ్చాను.

స్క్రీన్‌షాట్ తమ్ముడికి ఒకటే చెప్పాను: ఆ మెయిల్ నాకు కాదు, మీ అమ్మానాన్నలకి, మీ పాస్టర్ గారికి చూపించు. నిన్న రాత్రి రిప్లై పెట్టాడు. మెయిల్ ఇంకా డ్రాఫ్ట్‌లోనే ఉందట. పాస్టర్ గారు వాడికి సండే స్కూల్‌లో పదిమంది పిల్లల్ని అప్పజెప్పి, ఏడాది చూద్దాం అన్నారట. ఈ ఆదివారం మొదటి క్లాస్. ఏం కథ చెప్పాలి అన్నా అని అడిగాడు. సమూయేలు కథ చెప్పమన్నాను.