ఆ లింకులో అమ్మ పేరుంది!

ఒక పేజీలో పేరు, ఫోన్ నంబరు కొడతాం. ‘నెక్స్ట్’ నొక్కగానే రెండో పేజీలో అవన్నీ ప్రత్యక్షమవుతాయి. రోజూ చూసేదే కాబట్టి ఇందులో వింతేమీ కనిపించదు. కానీ ఆ రెండు పేజీల మధ్య మన వివరాలు ఏ దారిలో వెళ్తున్నాయో పట్టించుకోవాలని నాకు నేర్పింది మాత్రం ఒక ఫోన్ కాల్.

బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఓ చిన్న కంపెనీలో చేరాను. మూడో నెలలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ బుకింగ్ సైటు నా చేతికిచ్చారు. మొదటి పేజీలో పేషెంట్ పేరు, వయసు, ఫోన్ నంబరు, చేయించుకోవాల్సిన టెస్టు. రెండో పేజీలో ‘ఇవన్నీ కరెక్టేనా?’ అని చూపించి కన్ఫర్మ్ చేయించడం. అంతే పని.

పేజీలకు మతిమరుపు

చిక్కేంటంటే, వెబ్ పేజీకి మతిమరుపు. మొదటిది వెళ్లిపోయి రెండోది తెరుచుకోగానే జావాస్క్రిప్ట్ వేరియబుల్స్‌లో పెట్టుకున్నదంతా పోతుంది. బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే హెచ్‌టీటీపీ పద్ధతే అలాంటిది. ప్రతి రిక్వెస్టూ దానికి కొత్త ముఖమే. ఈ మతిమరుపుకి మందుగానే 1994లో నెట్‌స్కేప్ ఇంజినీరు లూ మోంటుల్లి కుకీలను తయారుచేశారు. జావాస్క్రిప్ట్ పుట్టింది ఆ మరుసటి ఏడాది.

నేను అన్నిటికంటే సులువైన దారి పట్టాను. వివరాలన్నీ యూఆర్ఎల్ చివర తగిలించేశా. కొన్ని లింకుల్లో ప్రశ్నార్థకం తర్వాత పొడుగ్గా ఏదో ఉంటుంది చూడండి, అదే. రెండో పేజీలో ‘యూఆర్ఎల్ సెర్చ్ పారమ్స్’ వాడి వాటిని విడదీసి చదువుకోవచ్చు. నాలుగైదు లైన్ల కోడ్!

మధ్యలో చిన్న తమాషా కూడా జరిగింది. టెస్టింగ్‌లో ‘రాము’ అని తెలుగులో కొట్టి, లింకు కాపీ చేసి చూస్తే ఆ పేరు 36 గుర్తుల పొడవైంది! ర, దీర్ఘం, మ, కొమ్ము.. కంప్యూటర్ లెక్కలో ఇవి నాలుగు. ఒక్కోటి మూడు బైట్లు. ఒక్కో బైటు యూఆర్ఎల్‌లోకి వెళ్లేటప్పుడు పర్సంటేజ్ గుర్తు, దాని వెనక రెండు అక్షరాలుగా మారుతుంది. అలా మార్చకుండా పంపితే మరో గొడవ. పేరులో ‘&’ గుర్తు ఉంటే, పేరు అక్కడే తెగిపోతుంది. ఎందుకంటే యూఆర్ఎల్‌లో ఆ గుర్తుకి ‘ఇక్కడితో ఇది అయిపోయింది, తర్వాతది మొదలు’ అని అర్థం. ఇవన్నీ సరిచేసి, సైటు లైవ్‌లో పెట్టి, ఆ రాత్రి ఫ్రెండ్స్‌కి బిర్యానీ కూడా ఇప్పించా.

స్పీకర్‌లో వినిపించిన గొంతు

రెండు వారాల తర్వాత సెంటర్ వాళ్లు ఒకాయన్ని లైన్లో కలిపారు. మా టీమ్ లీడ్ స్పీకర్ ఆన్ చేశారు. ఆయన వాళ్లమ్మగారికి టెస్టు బుక్ చేస్తూ, ‘ఇక్కడ బాగుంది, మీరూ చూడండి’ అని ఆ రెండో పేజీ లింకును అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారట. తెరిచిన ప్రతి ఒక్కరికీ అమ్మగారి పేరు, వయసు, నంబరు, దాంతోపాటు టెస్టు పేరూ కనిపించాయి. అది క్యాన్సర్ టెస్టు.

‘‘మా చెల్లికి కూడా ఇంకా చెప్పలేదు బాబూ. పక్క ఫ్లాటావిడ వచ్చి అమ్మనే అడిగేసింది’’ అన్నారాయన. తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

అప్పుడర్థమైంది, యూఆర్ఎల్ అంటే పోస్టుకార్డు. దారిలో చేయి పడ్డ ప్రతివాళ్లూ చదవొచ్చు. అది బ్రౌజర్ హిస్టరీలో ఉంటుంది, సర్వర్ లాగ్స్‌లో ఉంటుంది, కాపీ చేస్తే ఎక్కడికైనా పోతుంది. పైగా మార్చేయొచ్చు కూడా. ఫీజునీ నేను అందులోనే పంపాను. టీమ్ లీడ్ 1200 తీసేసి 12 అని కొట్టగానే, నా పేజీ బుద్ధిగా పన్నెండు రూపాయలు చూపించింది.

గోడ మీద రాత, పలక మీద రాత

ఆ సాయంత్రమే అన్నీ ‘లోకల్ స్టోరేజ్’లోకి మార్చేశా. ఇది బ్రౌజర్‌లోనే ఉండే గూడు. ఒక్కో సైటుకి సుమారు 5 ఎంబీ చోటు దొరుకుతుంది. కుకీకైతే 4 కేబీనే. టెక్స్ట్ తప్ప మరేదీ దాచదు కాబట్టి వివరాలను ముందు జేసన్‌లోకి మార్చుకోవాలి. లేదంటే పేరుండాల్సిన చోట ‘ఆబ్జెక్ట్ ఆబ్జెక్ట్’ అని వెక్కిరిస్తుంది.

టీమ్ లీడ్ చూసి ఒకటే అడిగారు: ‘‘మీ ఊళ్లో నెట్ సెంటర్ ఉందా? ఒక్క కంప్యూటర్ మీద రోజుకి ఎంతమంది కూర్చుంటారు?’’ నాకు నోట మాట రాలేదు. లోకల్ స్టోరేజ్ గోడ మీద బొగ్గుతో రాసిన పాల లెక్క లాంటిది. ఎవరో ఒకరు తుడిచేదాకా ఉంటుంది. మా నాన్న వివరాలు ఆ తర్వాత కూర్చున్న కుర్రాడికి కనిపిస్తాయి.

దానికి తమ్ముడే ‘సెషన్ స్టోరేజ్’. ఇది పలక. ఏ ట్యాబ్‌లో రాస్తే ఆ ట్యాబ్‌కే సొంతం, ట్యాబ్ మూస్తే చెరిగిపోతుంది. రెండు పేజీల మధ్య కాసేపు వివరాలు పట్టుకోవడానికి ఇది చాలు. అయితే పేజీలో నడిచే ఏ స్క్రిప్టయినా ఈ రెండిటినీ చదవగలదు కాబట్టి పాస్‌వర్డులు, కార్డు నంబర్లు వీటిలో పెట్టకూడదు.

చివరికి ఇలా కట్టాం. కన్ఫర్మ్ చేసేదాకా వివరాలు సెషన్ స్టోరేజ్‌లో ఉంటాయి. నొక్కగానే సర్వర్‌కి వెళ్తాయి, పలక తుడిచేస్తాం. ఫీజును సర్వరే తన దగ్గరున్న పట్టీలో చూసుకుంటుంది. లింకులో మిగిలేది ఎవరూ ఊహించలేని ఓ పొడవాటి కోడ్ మాత్రమే. అది ఎవరి చేతికెళ్లినా, ఓటీపీ లేకుండా వివరాలు తెరుచుకోవు.

షేర్ చేసే ముందు..

కోడింగ్ మీ పని కాకపోయినా ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. ఫారం నింపాక వచ్చిన పేజీ లింకును ఎవరికీ పంపొద్దు, సైటు మొదటి పేజీదే పంపండి. తప్పదంటే ప్రశ్నార్థకం తర్వాత ఏముందో ఒకసారి చదవండి. వేరేవాళ్ల కంప్యూటర్‌లో పని ఉంటే ఇన్‌కాగ్నిటో విండోలో చేసి, అవగానే దాన్ని మూసేయండి.

కోడింగ్ నేర్చుకుంటున్నవాళ్లకైతే ఇంకో మాట. వివరాలు రెండో పేజీకి చేరాయా అని చూసుకుని సంబరపడకండి, ఇంకెక్కడెక్కడ మిగిలాయో కూడా చూడండి. ఆయన ఆ లింకును గ్రూపులోంచి డిలీట్ చేశారు, మేం సారీ చెప్పాం. అమ్మగారి రిపోర్టు ఏమొచ్చిందో నాకు తెలీదు. అడిగే హక్కు కూడా నాకు లేదనిపించింది.