గాలిని తూచే డబ్బీ

హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో నిలబడితే మన చుట్టూ చదరపు మీటరు నేల మీద దాదాపు 9.7 టన్నుల గాలి మోపి ఉంటుంది. సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉన్నాం కాబట్టి బందరువాళ్ల కంటే మనకు ఆ బరువు కాస్త తక్కువే.

1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాం కోసం ఇక్కడ ఫిరంగులు పోయించాడు. పేటకు ఆ పేరే నిలిచింది. గాలిని తూచడంలోనూ ఫ్రెంచివాళ్లు గట్టివాళ్లే. 1648లో పాస్కల్ తన బావ చేత పాదరసపు గొట్టాన్ని కొండెక్కించి, పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుందని తేల్చాడు. 1844లో లూసియన్ విదీ పాదరసంతో పనే లేకుండా చేశాడు. గాలి తీసేసిన పల్చటి లోహపు డబ్బీ, పీడనానికి అది నొక్కుకుపోతే కదిలే ముల్లు, అంతే. దీన్నే అనిరాయిడ్ బారోమీటర్ అంటారు. విమానాల్లో ఎత్తు చూపే ఆల్టిమీటర్ దీని సంతానమే.

చిక్కల్లా ఒకటే. డబ్బీకి తెలిసింది పీడనం. ఎత్తు దాని అంచనా. చలిగాలి ఆ అంచనాను తప్పిస్తుంది.

ఉత్తరాది నుంచి చలిగాలి దిగి, మన నెత్తి మీద కిలోమీటరున్నర గాలి 5 డిగ్రీలు చల్లబడిందనుకోండి. గాలి కుదించుకుని ఆ పొర 26 మీటర్లు పల్చబడుతుంది. పైనున్న గాలంతా ఆ మేరకు కిందికి దిగుతుంది. అంటే ఏ పీడనమైనా మునుపటి కంటే తక్కువ ఎత్తులోనే దొరుకుతుంది. పైన ఏర్పడిన ఆ లోటును పూడ్చడానికి చుట్టుపక్కల గాలి వచ్చి చేరుతుంది, నేల మీద బరువు పెరుగుతుంది. కింద పీడనం ఎక్కువ, పైన తక్కువ! వినడానికి తిరకాసుగా ఉన్నా కారణం ఒక్కటే.

అందుకే డబ్బీకి తోడుగా ఉష్ణమాపకాన్ని కూడా ఆకాశానికి పంపాల్సి వచ్చింది. 1929లో ఫ్రాన్సులో రాబర్ట్ బ్యూరో, 1930లో రష్యాలో మొల్చనోవ్ రేడియో కట్టిన బెలూన్లు ఎగరేశారు. అదే రేడియోసాండ్. గన్‌ఫౌండ్రీకి ఆరు కిలోమీటర్ల దూరంలోని బేగంపేటలో వాతావరణ శాఖవాళ్లు ఎగరేసేదీ దాన్నే. నిమిషానికి సుమారు 300 మీటర్లు ఎక్కుతూ, చుట్టూ పీడనం తగ్గేకొద్దీ ఉబ్బి ఉబ్బి, 30 కిలోమీటర్ల దరిదాపుల్లో బెలూన్ పగిలిపోతుంది. ఈలోగా వేడి, తేమ, గాలి వివరాలన్నీ కిందికి చేరతాయి. ఈ కాలపు సాండ్లు ఎత్తును జీపీఎస్‌తోనే పట్టేస్తున్నాయి.

ఆల్టిమీటర్‌కు మాత్రం ఆ బెడద తీరలేదు. ప్రామాణిక ఉష్ణోగ్రత కంటే గాలి 30 డిగ్రీలు చల్లగా ఉంటే, ముల్లు విమానాశ్రయం మీద 1,000 అడుగులని చూపేటప్పటికి విమానం నిజానికి 880 అడుగుల్లోనే ఉంటుంది. చలిదేశాల పైలట్లు ఈ తేడాను లెక్కగట్టి సరిచేసుకుంటారు.

మీ ఫోన్లో బారోమీటర్ ఉంటే, చలిగాలి దిగినప్పుడు నేల మీద పీడనం పెరగడాన్ని ఈ డిసెంబరులో మీరే చూడండి. రోజూ ఒకే వేళకు మాత్రం చూడాలి. చలితో పని లేకుండానే ఉదయం పదికి పీడనం పెరిగి, సాయంత్రం నాలుగుకు తగ్గుతుంది.