అందరూ ఫీచర్లు రాస్తే బగ్గులు పట్టేదెవరు?

నలుగురు ఫ్రెండ్స్ కలిసి సరదాగా ఒక గేమ్ మొదలుపెడితే ఏం జరుగుతుందో మనకు తెలిసిందే. ఒకడు మల్టీప్లేయర్ పెడదామంటాడు, ఇంకొకామె కొత్త మ్యాప్ గీస్తానంటుంది. "టెస్టింగ్ నేను చూస్కుంటా" అని మాత్రం ఎవరూ చెయ్యెత్తరు. అందరూ అందలం ఎక్కేవాళ్లే అయితే మోసేవాళ్లెవరు అనే సామెత మన గేమ్ టీముల కోసమే పుట్టినట్టుంటుంది.

కంపెనీలో దీనికి సులువైన మందు ఉంది: జీతం. బగ్గులు సరిచెయ్యమని మేనేజర్ చెప్తే ఇష్టం లేకపోయినా చేస్తారు. వాలంటీర్ ప్రాజెక్టులో అలా చెప్పే హక్కు ఎవరికీ లేదు. గట్టిగా అడిగితే ఆ మనిషి రేపట్నుంచి కనిపించడు. మరి 20 ఏళ్లు దాటినా వాలంటీర్లతోనే నడుస్తున్న గేములు ఎలా నిలబడ్డాయి?

దీనికి మంచి ఉదాహరణ 'బ్యాటిల్ ఫర్ వెస్నోత్'. ఆరు కోణాల గళ్ల మీద వంతులవారీగా ఆడే యుద్ధం. 2003లో డేవిడ్ వైట్ మొదలుపెట్టిన ఓపెన్ సోర్స్ గేమ్ ఇది. 2005లో 1.0 వెర్షన్ వచ్చింది.

వీళ్లు మొదట చేసిన పని, రెండు పనుల్నీ రెండు వెర్షన్లుగా విడదీయడం. చుక్క తర్వాత సరిసంఖ్య ఉంటే అది స్థిరమైన వెర్షన్: 1.14, 1.16, 1.18. బేసిసంఖ్య ఉంటే ప్రయోగాల వెర్షన్: 1.15, 1.17. కొత్త ఐడియాలన్నీ బేసిలోకి వెళ్తాయి, సరిలోకి ప్రధానంగా బగ్ ఫిక్సులే. లినక్స్ కెర్నల్ కూడా ఒకప్పుడు ఇదే పద్ధతి పాటించింది.

ఇంత పట్టింపు ఎందుకంటే, మల్టీప్లేయర్‌లో ప్రతి ఆటగాడి కంప్యూటరూ ఆట మొత్తాన్ని తనే లెక్కేసుకుంటుంది. నెట్‌లో వెళ్లేవి "ఫలానా సైనికుడు ఈ గడికి కదిలాడు, వాణ్ణి కొట్టాడు" లాంటి ఆదేశాలు, పాచికల కోసం సర్వర్ ఇచ్చే ర్యాండమ్ సీడ్, అంతే. ఈటె పట్టిన సైనికుడి దెబ్బ నా దగ్గర 7, మీ దగ్గర 6 అనుకోండి. నా స్క్రీన్ మీద శత్రువు చచ్చిపోతాడు, మీ స్క్రీన్ మీద బతికే ఉంటాడు. అక్కణ్ణుంచి మనం ఆడేది రెండు వేరే ఆటలు. దీన్ని 'అవుట్ ఆఫ్ సింక్' అంటారు. ఒక్క అంకె మారినా ఇంత గొడవ.

రెండో ఉపాయం ఫ్రీజ్. రిలీజ్ దగ్గర పడేసరికి కొత్త ఫీచర్లు కలపడం ఆపేస్తారు. ఆ తర్వాత స్ట్రింగ్ ఫ్రీజ్: స్క్రీన్ మీద కనిపించే వాక్యాలు కూడా మార్చకూడదు. అనువాదకులూ వాలంటీర్లే కదా. వాళ్లు రాత్రి కూర్చుని అనువదించిన వాక్యాన్ని పొద్దున్నే మార్చేస్తే ఆ శ్రమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఫ్రీజ్‌లోని తెలివి ఏంటంటే, అది ఎవరికీ పని అప్పజెప్పదు. "ఇప్పుడు కొత్తది కలపం" అంటుంది, అంతే. స్థిరమైన వెర్షన్ త్వరగా రావాలని ఉన్నవాళ్లు వాళ్లంతట వాళ్లే బగ్గుల వైపు తిరుగుతారు.

మూడోది, విసుగు పుట్టించే పనిని మెషీన్‌కి వదిలెయ్యడం. వెస్నోత్ కోడ్‌లో చిన్నచిన్న టెస్ట్ సినారియోలు ఉంటాయి. ఎవరైనా కొత్త కోడ్ పంపితే అవి ఆటోమేటిక్‌గా నడుస్తాయి. ఒకసారి పట్టిన బగ్‌కి ఒక టెస్ట్ రాసిపెడితే, అది మళ్లీ తలెత్తినప్పుడు మెషీనే చెప్తుంది. కానీ "ఈ లెవెల్ బోర్ కొడుతోంది" అని మెషీన్ చెప్పలేదు. దానికి ఆడి చూసే మనుషులు కావాల్సిందే.

ఈ పద్ధతికీ ఖర్చు ఉంది. 1.12 వెర్షన్ 2014 నవంబరులో వచ్చింది, 1.14 వచ్చేసరికి 2018 మే అయింది. అంటే మూడున్నరేళ్లు. మొదట్లోనే ఫీచర్ రాసినవాళ్లు అది మామూలు ఆటగాళ్ల చేతికి అందడం చూడాలంటే అంతకాలం ఆగాలి. వాలంటీర్‌కి ఆ చూడ్డమే జీతం. జీతం మరీ ఆలస్యమైతే ఏ పనివాడూ ఉండడు.

అందుకే మీ టీమ్ చిన్నదైనా మొదటిరోజే మూడు విషయాలు అనుకోండి. గిట్‌లో స్థిరమైన బ్రాంచ్ ఒకటి, ప్రయోగాల బ్రాంచ్ ఒకటి. డెమోకి రెండు వారాల ముందు ఫ్రీజ్, దాని తేదీ అందరికీ ముందే తెలియాలి. ఇక మూడోది, గేమ్ చివర్లో వచ్చే క్రెడిట్స్‌లో కోడ్ రాసినవాళ్ల పక్కనే బగ్గులు పట్టినవాళ్ల పేర్లు కూడా, అదే సైజు అక్షరాల్లో.