ఆనకట్ట నీట తీర్థస్నానం

శ్రీశైలంలో పాతాళగంగ స్నానం ముగించుకొని వచ్చే భక్తులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది: “అయ్యా, ఇది ఆనకట్ట కట్టి నిలిపిన నీరు కదా! ఇందులో మునిగితే నదీస్నాన ఫలం కలుగుతుందా?” అడగవలసిన ప్రశ్నే.

ముందుగా ఆనకట్ట స్వరూపం తెలుసుకుందాం. ఈ ప్రాజెక్టుకు 1963 జూలై 24న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. తొలుత దీనిని విద్యుత్తు కోసమే తలపెట్టారు. సాగునీరు, తాగునీరు తరువాత చేరాయి. నల్లమల కొండల నడుమ 512 మీటర్ల పొడవున, 12 గేట్లతో ఇది కృష్ణకు అడ్డుగా నిలిచింది. జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. అంత ఎత్తున నిలిచిన నీరు పెద్ద గొట్టాల గుండా వేగంగా దిగి టర్బైన్లను తిప్పుతుంది. కుడిగట్టు కేంద్రం సామర్థ్యం 770 మెగావాట్లు. భూగర్భంలో నిర్మించిన ఎడమగట్టు కేంద్రానిది 900 మెగావాట్లు. నీరు తన వేగాన్ని మాత్రమే ఇచ్చి, తిరిగి నదిలో కలిసి నాగార్జునసాగరం వైపు సాగిపోతుంది. కనుక కృష్ణ ఇక్కడ నిదానించిందే గాని నదీత్వాన్ని కోల్పోలేదు. స్నానఫలానికి లోపం లేదని నా అభిప్రాయం.

అయితే యాజ్ఞవల్క్యస్మృతిలో మరొక నియమం ఉంది. పరుల జలాశయంలో స్నానం చేయదలచినవాడు ముందుగా అయిదు మట్టిముద్దలు తీసి గట్టున వేయాలి. ఇతరుల శ్రమఫలాన్ని ఊరకే అనుభవించరాదన్నది ఇందులోని ధర్మసూక్ష్మంగా నేను గ్రహించాను.

ఈ నీటిలో పరుల సొత్తు ఉన్నదా? ఉన్నది. ఈ జలాశయం కింద నూరుకు పైగా గ్రామాలు ముంపునకు గురయ్యాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి నిలిపారు. సప్తనదీ సంగమస్థానంగా ప్రసిద్ధమైన సంగమేశ్వరంలో స్వామి ఏడాదిలో అధికభాగం నీట మునిగి ఉండి, వేసవిలో మట్టం తగ్గినప్పుడు దర్శనమిస్తాడు. గుడిని తరలించవచ్చు, తాతముత్తాతల పొలాన్ని, శ్మశానాన్ని, ఊరి రచ్చచెట్టును ఎవరు తరలించగలరు? 2020 ఆగస్టులో ఎడమగట్టు విద్యుత్కేంద్రంలో జరిగిన అగ్నిప్రమాదంలో తొమ్మిదిమంది ప్రాణాలు కోల్పోయారు. మన ఇంట వెలిగే దీపం వెనుక ఇందరి త్యాగం ఉంది.

ఇక మట్టిముద్దల మాట. ఈ జలాశయాన్ని 308 టీఎంసీల నీరు పట్టేలా రూపొందించారు. టీఎంసీ అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. పూడిక చేరి నేడు ఆ సామర్థ్యం సుమారు 215 టీఎంసీలకు తగ్గింది. ఆ పూడికను మనం చేతులతో తీయలేము. కాని విడిచిన వస్త్రాలు, ప్లాస్టిక్ సంచులు, పటాలు నీటిలో వేయకుండా ఉండగలము. గట్టున కనిపించిన చెత్తలో అయిదు వస్తువులు ఏరి కుండీలో వేసిన తరువాతే నీటిలో దిగండి. స్మృతినియమాన్ని ఈ కాలంలో పాటించే మార్గం ఇదేనని నేను భావిస్తాను.

మరొక విన్నపం. స్నానానంతరం మీ పితృదేవతలకు నీరు వదిలేటప్పుడు, ఈ జలాల కింద శ్మశానాలు మునిగిపోయిన గ్రామాల పెద్దలను తలచుకొని ఒక దోసెడు అదనంగా వదలండి. దాతలారా, ముంపు గ్రామాలను విడిచి వెళ్లిన కుటుంబాల పిల్లల చదువుకు చేయూతనిచ్చే అవకాశం లభిస్తే దానిని అన్నదానంతో సమానంగా ఎంచండి. వారు ఊళ్లు వదిలారు గనుకనే మనకు ఈ నీరు, ఈ వెలుగు దక్కాయి.