పల్లీలని వెతికితే వేరుశనగ పుస్తకం దొరుకుతుందా?

అమ్మమ్మ చెనక్కాయలంటుంది, అమ్మ వేరుశనగ అంటుంది, హైదరాబాద్ అత్తయ్యేమో పల్లీలంటుంది. గింజ ఒకటే కదా! మరి లైబ్రరీ కంప్యూటర్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

నిజానికి దానికి తెలియదు. మీరు కొట్టిన అక్షరాలు ఎక్కడున్నాయో వెతుకుతుంది, అంతే. అందుకే లైబ్రేరియన్లు ఒక ఉపాయం పన్నారు. వంటింట్లో డబ్బాల మీద చీటీలు అంటించినట్టు, ఒక విషయానికి ఒకే పేరు ఖాయం చేసి, దాని మీద వచ్చిన పుస్తకాలన్నిటికీ ఆ పేరే తగిలిస్తారు. అదే విషయ శీర్షిక. పుస్తకం పేరులో ఆ మాట లేకపోయినా ఫరవాలేదు, చీటీ పట్టిస్తుంది.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1898లో ఇలాంటి జాబితా మొదలుపెట్టింది. అందులో వేరుశనగ శీర్షిక ‘పీనట్స్’. ‘గ్రౌండ్‌నట్స్’ అని వెతికినా అక్కడికే దారి చూపిస్తుంది. చీటీలూ పాతబడతాయండోయ్! వంటకు ‘కుకరీ’ అని ఉన్నదాన్ని 2010లో ‘కుకింగ్’ అని మార్చారు. నన్నడిగితే కాస్త ఆలస్యమే.

ఇంతకీ ఆ ఖాయమైన పేరు మనకెలా తెలుస్తుంది? ముందు మీకు తోచిన మాటతోనే వెతకండి. పనికొచ్చే పుస్తకం ఒక్కటి దొరికితే చాలు. దాని వివరాల్లో ‘సబ్జెక్ట్’ అన్నచోట ఉన్న పేరు నొక్కి చూడండి. అదే చీటీ ఉన్నవన్నీ వరసగా వచ్చేస్తాయి.